గడువు దాటకముందే అడుగుడి



మేము పెండిల్ హిల్‌లో మీ పిల్లలకు తెలుగు అక్షరములు నేర్పుచు, మీ ఉత్తరములు చదివిపెట్టుచు, మీ దరఖాస్తులు వ్రాసిపెట్టుచు ఉన్న ఉపాధ్యాయులము. ఇతరుల తప్పులను గూర్చి వ్రాయుట మాకు సులభము. అయితే ఈ మాసమున మా తప్పును గూర్చియే వ్రాయవలసివచ్చినది.

మన కుటుంబములలోని ఒక సహోదరి కూరగాయలను కట్టలు కట్టి పెట్టెలకెత్తు షెడ్డులో రెండు సంవత్సరములకు పైగా పనిచేసెను. ఒక శుక్రవారము సాయంకాలమున మేస్త్రి ఆమెను పిలిచి, సోమవారము నుండి పనికి రావలదని చెప్పెను. కారణము చెప్పలేదు. అయిదవ దినమున ఆమె మా యొద్దకు వచ్చి, "పంతులుగారూ, నేనేమి చేయవలెను?" అని అడిగెను. మేము ఓర్పు వహింపుమంటిమి. యజమానికి వినయముగా ఒక విన్నపము వ్రాసి యిచ్చితిమి. "వచ్చే వారము చూచెదము" అని జవాబు వచ్చెను. వారము గడచెను. మరల "వచ్చే వారము" అనిరి. ఇరువదియారవ దినమున, ఆమె కుమార్తె పోరుపెట్టగా, తల్లియు బిడ్డయు పారమట్టాలో ఉచితముగా సలహా చెప్పు ఒక వకీలు నొద్దకు వెళ్లిరి. ఆ వకీలు మొదట అడిగిన ప్రశ్న ఒక్కటే: "పని తీసివేసిన తేదీ ఏది?"

తేదీ విని ఆ వకీలు కలము క్రింద పెట్టెనట. ఏలయనగా, అన్యాయముగా పనినుండి తొలగింపబడినవారు ఫెయిర్ వర్క్ కమిషన్‌కు దరఖాస్తు పెట్టుకొనుటకు ఈ దేశపు చట్టము 21 దినములు మాత్రమే గడువిచ్చుచున్నది. అసాధారణమైన కారణమున్నగాని ఆ గడువు పొడిగింపరు. "పంతులుగారు ఓర్చుకొమ్మనిరి" అనునది అసాధారణమైన కారణము కాదు. ఆమె మా యొద్దకు వచ్చిననాడు ఇంక 16 దినములు మిగిలియుండెను. ఆ 16 దినములను పోగొట్టినవారము మేము.

ఆమె మమ్మును నిందింపలేదు. "మీరు మంచికే చెప్పితిరి" అనెను. ఆ మాట మమ్మును నిందకంటె ఎక్కువగా బాధించుచున్నది. కాబట్టి ఈ పత్రిక చదువువారందరితో, విశేషముగా పెద్దలతో, మేము చెప్పదలచినది ఇది: ఈ దేశములో బీదవానికి చట్టము లేకపోలేదు, వకీలు లేకపోలేదు. మనకు లోపించినది వేళకు అడుగుట. గతజలసేతుబంధనము అని మన పెద్దలు చెప్పినది ఇట్టి పనిని గూర్చియే. నీరు పోయిన తరువాత గట్టు కట్టినందున ఏమి ప్రయోజనము?

మనము ఏల ఆలస్యము చేయుచున్నాము? సోమరితనముచేత కాదు. భయముచేత. ఆ భయము మన తాతల నాటినుండి వచ్చినది గనుక దాని కథను కొంచెము చెప్పవలెను.

మీలో పలువురి పెద్దలు ఫిజీ చెరకుతోటలకు కూలికి వెళ్లినవారు. 1903 మొదలుకొని 1916 వరకు మద్రాసు రేవునుండి తెలుగువారు, తమిళులు ఓడలెక్కి ఆ ద్వీపములకు పోయిరి. అయిదేండ్ల ఒడంబడికమీద వ్రేలిముద్ర వేసిరి. దానినే గిర్మిటు అనిరి. ఆ ఒడంబడికలో ఉన్న గొప్ప అన్యాయమేమనగా, సామాన్యమైన పనివాడు మాట తప్పినయెడల యజమాని అతనిపై వ్యాజ్యము వేయవలెను గాని, గిర్మిటు కూలి పని మానినయెడల అది నేరమగును, జైలుకు పోవలెను. ఇచ్చిన పని ఆ దినమున ముగింపలేకపోయినను కోర్టుకు ఈడ్చుకొనిపోవచ్చును. కూలివానికి కోర్టు అనగా యజమాని చేతిలోని కొరడా వంటిదే. ఆ కోర్టులో మాటలాడుటకు అతనికి భాష రాదు, వకీలు లేడు, వకీలుకిచ్చుటకు సొమ్మును లేదు.

నేటాల్‌లోను స్థితి ఇట్టిదే. 1894వ సంవత్సరమున డర్బనులో బాలసుందరమను ఒక తమిళ కూలి, యజమాని కొట్టగా విరిగిన పండ్లతో, చినిగిన బట్టలతో, తలపాగా చేతబట్టుకొని ఒక యువ బారిస్టరు గది వాకిట నిలిచెను. ఆ బారిస్టరు గాంధీగారు. ఆయన చేసిన పనుల క్రమమును గమనింపుడి. మొదట కూలిని వైద్యుని యొద్దకు పంపి గాయములకు సర్టిఫికెటు వ్రాయించెను. ఆ కాగితమును చేతబట్టుకొని వెంటనే మేజిస్ట్రేటు నొద్దకు పోయెను. యజమానిని శిక్షింపజేయుటకంటె, ఆ కూలిని అతనినుండి విడిపించి వేరొక యజమానికి మార్పించుటయే ఆయన కోరెను. ఆ కోరిక నెరవేరెను. వైద్యుని కాగితము, వెంటనే పోవుట, కావలసినదేదో స్పష్టముగా తెలిసియుండుట అను ఈ మూడే ఆనాడు పని చేసినవి. నేడును ఇవియే పని చేయును.

ఫిజీలోని మనవారు ఈ సంగతి విని, మాకును ఒక వకీలు కావలెనని గాంధీగారికి మొరపెట్టుకొనిరి. అంతకుముందు మారిషస్‌లో కూలీల పక్షమున వాదించిన మణిలాల్ డాక్టరుగారు 1912లో ఫిజీకి వచ్చి, కూలీల పక్షమున కోర్టులలో నిలిచిరి. 1920లో అక్కడ సమ్మె జరిగిన పిమ్మట ప్రభుత్వమువారు ఆయనను ఆ దేశములో ఉండనీయలేదు. ఒక్క వకీలు బీదవాని ప్రక్కన నిలుచుట అధికారులకు ఎంత భయము పుట్టించెనో దీనివలన తెలిసికొనవచ్చును. మిగిలియున్న గిర్మిటులు 1920 జనవరి 1న రద్దయినవి. పిమ్మట 1987లో ఫిజీలో సైనికులు ప్రభుత్వమును పడగొట్టగా, భారతీయ కుటుంబములు అనేకములు ఆ దేశము విడిచి సిడ్నీ నగరమునకు వచ్చినవి. ఆంధ్రదేశమునుండియు తెలంగాణమునుండియు చదువులకును పనులకును వచ్చిన క్రొత్త కుటుంబములు వారితో కలిసి నేడు పెండిల్ హిల్‌లోను చుట్టుప్రక్కలను కాపురమున్నవి.

చూడుడి సహోదరులారా! మన పెద్దలు ఒక వకీలు కొరకు సముద్రముల కావలికి ఉత్తరము వ్రాసిరి. మనకో, పెండిల్ హిల్ స్టేషనులో రైలెక్కినయెడల వెంట్‌వర్త్‌విల్, వెస్ట్‌మీడ్ దాటగానే మూడవ స్టేషనే పారమట్టా. అక్కడ ప్రభుత్వ న్యాయసహాయ కార్యాలయమున్నది, ప్రజా న్యాయకేంద్రమున్నది. మూడు స్టేషనుల దూరము పోలేక 21 దినములు పోగొట్టుకొనుచున్నాము.

కొందరు, "ఉచితముగా ఇచ్చునది ధర్మమే గదా, మేము చేయిచాపము" అందురు. ఈ అభిమానము మంచిదే గాని ఇక్కడ తగదు. ఉచిత న్యాయసహాయము ఈ దేశములో దొరలు దయతో పడవేసిన భిక్ష కాదు. 1970లో సిడ్నీలోని రెడ్‌ఫర్న్‌లో ఆదిమవాసులు, పోలీసులచేత తాము పడుచున్న బాధలకు ఓర్వలేక, తమ కొరకు మొదటి న్యాయసేవా సంస్థను నెలకొల్పుకొనిరి. 1972లో మెల్‌బోర్న్‌లోని ఫిట్జ్‌రాయ్‌లో ఉచిత న్యాయకేంద్రము తెరువబడెను. 1977లో రెడ్‌ఫర్న్ న్యాయకేంద్రము వచ్చెను. 1979లో న్యూ సౌత్ వేల్స్ శాసనసభ లీగల్ ఎయిడ్ కమిషన్ చట్టము చేసెను. అడిగి అడిగి సాధించిన హక్కు ఇది. దానికి ఖర్చగు సొమ్ము ప్రజల పన్నులలోనుండి వచ్చుచున్నది. మీ కూలిలోనుండియు ఆ పన్ను పట్టుకొనుచున్నారు. బావి త్రవ్వుటకు చందా ఇచ్చినవాడు నీళ్లు తోడుకొనుటకు సిగ్గుపడునా?

ఇక మార్గము చెప్పెదము. ఈ భాగమును కత్తిరించి గోడకు అంటించుకొనుడి.

చట్టపు చిక్కు వచ్చినప్పుడు మొదట 1300 888 529 నంబరుకు ఫోను చేయుడి. అది న్యూ సౌత్ వేల్స్ లీగల్ ఎయిడ్ వారి సహాయపు నంబరు. మీ సంగతి విని, తగిన సమాచారము చెప్పి, ఎవరి యొద్దకు పోవలెనో వారు తెలుపుదురు. ఇంగ్లీషు రానివారు 131 450 నంబరుకు ఫోను చేసి "తెలుగు" అని చెప్పి, లీగల్ ఎయిడ్‌తో కలుపుమని అడుగవలెను. అక్కడ దుబాసీ దొరకును. ఆ దుబాసీకి మీరు ఏమియు చెల్లింపనక్కరలేదు. దయచేసి పదేండ్ల పిల్లను దుబాసీగా తీసికొనిపోవలదు. తల్లి కన్నీరు బిడ్డ నోట తర్జుమా చేయించుట న్యాయము కాదు. చట్టపు మాటలు ఆ బిడ్డకు తెలియవు కూడ.

లీగల్ ఎయిడ్ వారి సహాయము రెండు విధములని తెలిసికొనుడి. సలహా యొకటి. వకీలును నియమించి కేసు నడిపించుట మరియొకటి. ప్రారంభపు సలహా ఉచితముగా దొరకును. కేసు నడిపించుటకు మాత్రము మీ ఆదాయమును ఆస్తిని చూతురు, కేసులో బలమున్నదా అనియు చూతురు. కొన్నిచోట్ల కొంత భాగము మిమ్మును చెల్లింపుమందురు. క్రిమినల్ కేసులో లోకల్ కోర్టుకు మొదటిసారి హాజరగువారికి ఆ దినమున అక్కడ డ్యూటీ వకీలు ఉండును. కోర్టులోనికి అడుగుపెట్టగానే ఆయనను గూర్చి విచారింపుడి. లీగల్ ఎయిడ్ వారు కాదనినను అంతటితో దారి మూసుకొనిపోలేదు. ప్రజా న్యాయకేంద్రములు కలవు. పారమట్టాలోని వెస్టర్న్ సిడ్నీ కమ్యూనిటీ లీగల్ సెంటరు మన ప్రాంతమునకు చెందినది. వీసా చిక్కులకు ఇమ్మిగ్రేషన్ అడ్వైస్ అండ్ రైట్స్ సెంటరు, స్త్రీల చిక్కులకు విమెన్స్ లీగల్ సర్వీస్ కలవు.

కూలి బాకీ విషయమై ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్ వారి నంబరు 13 13 94. పనినుండి తీసివేసినప్పుడు 21 దినములే అని చెప్పితిమి గాని, తక్కువ ఇచ్చిన కూలిని ఆరు సంవత్సరముల వెనుకటి వరకు అడుగవచ్చును. పైన చెప్పిన సహోదరి ఉద్యోగము తిరిగి రాలేదు గాని, ఆమె చీటీలు వెదకగా ఆదివారపు పనికి చట్టము చెప్పిన కూలి ఇయ్యలేదని బయటపడెను. ఆ బాకీ కొరకు ఇప్పుడు ప్రయత్నము జరుగుచున్నది. ఆమె చీటీలను బియ్యపు డబ్బాలో భద్రముగా దాచియుండెను గనుకనే ఈమాత్రమైనను ఆశ మిగిలినది.

తోటలలో పండ్లు కోయువారును, గంపల లెక్కన కూలి తీసికొనువారును ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. 2022 ఏప్రిల్ 28 నుండి, గంపల లెక్కన పనిచేయువారికి కూడ గంటకింత అని కనీసపు కూలి తప్పక ఇయ్యవలెను. గంపలు తక్కువైనను ఆ కనీసము తగ్గకూడదు. యజమాని మీరు పనిచేసిన గంటలను వ్రాసియుంచవలెను. మీరును ఒక చిన్న పుస్తకములో ఏ దినమున ఎన్ని గంటలు పనిచేసితిరో వ్రాసికొనుడి. మన తాతలకు పని కొలత యజమాని చేతిలో ఉండెను. మీ కొలత మీ చేతిలోను ఉండవలెను.

"వీసా పోవును" అను భయము మరియొకటి. కొందరు యజమానులు ఈ భయమునే కొరడాగా వాడుదురు. వినుడి: పనివాని వీసా ఎట్టిదైనను కూలి చట్టము అతనికి వర్తించునని 2023లో చట్టములోనే స్పష్టముగా వ్రాసిరి. 2024 జూలై నుండి, యజమాని చేసిన దోపిడీని గూర్చి ఫిర్యాదు చేయు పనివారి వీసాలు రద్దుకాకుండ కాపాడుటకు ఏర్పాటులు జరిగినవి. పనివాని వీసా స్థితిని చూపి అతనిని లొంగదీయుట యజమానికి నేరమైనది. 2025 జనవరి 1 నుండి కూలిని బుద్ధిపూర్వకముగా ఎగవేయుట కూడ నేరమైనది. ఆనాడు ఒడంబడిక మీరిన కూలిని జైలుకు పంపిరి. నేడు కూలి ఎగవేసిన యజమాని నేరస్థుడగుచున్నాడు. చట్టము ఇంత తిరిగినది. మన మనస్సు మాత్రము ఇంకను పాత లైన్లలోనే కాపురమున్నది. అయినను వీసాగలవారు తమంతట తాము ఫిర్యాదు వ్రాయకముందు ఒక వకీలు సలహా తీసికొనుట క్షేమము. రక్షణ ఎవరికి ఏ షరతులమీద కలదో వారు చెప్పుదురు.

ఇంటి చిక్కులను గూర్చి రెండు మాటలు. అద్దె ఇంటికి నాలుగు వారముల అద్దెకు మించి బాండు అడుగకూడదు; ఆ సొమ్ము యజమాని జేబులో కాక ప్రభుత్వ కార్యాలయములో ఉండవలెను. 2025 మే 19 నుండి ఈ రాష్ట్రములో కారణము చెప్పకుండ అద్దెవారిని వెళ్లగొట్టకూడదు. నోటీసు రాగానే మూటలు కట్టకుడి. అద్దెదారుల కొరకున్న ఉచిత సలహాదారులను అడుగుడి. మీపై సొమ్ము బాకీయని కోర్టు కాగితము వచ్చినయెడల, జవాబు దాఖలుచేయుటకు అది అందిన దినము మొదలు 28 దినములు కలవు. ఊరకున్నయెడల మీ మాట వినకుండగనే తీర్పు వచ్చును. వీసా నిరాకరణ ఉత్తరములలో ఎన్ని దినములలో అప్పీలు చేయవలెనో ఆ ఉత్తరమే చెప్పును. ఆ అంకెను ఎఱ్ఱ సిరాతో చుట్టుడి.

ఇండ్లలో దెబ్బలు తినుచున్న సహోదరీలను గూర్చి వ్రాయునప్పుడు మాకు మరింత సిగ్గు కలుగుచున్నది. "సర్దుకొనుమమ్మా" అని చెప్పిన నోళ్లలో మా నోరును ఒకటి. ప్రాణభయము కలిగినప్పుడు 000. మాటలాడుకొనుటకును దారి తెలిసికొనుటకును 1800 737 732. కొట్టకపోయినను, సొమ్ము అందనీయక, ఫోను లాగుకొని, బంధువులతో మాటలాడనీయక, భయముతో ఏలుబడి చేయు మగనికి 2024 జూలై 1 నుండి ఈ రాష్ట్రమున శిక్ష కలదు. భర్త వీసామీద వచ్చిన స్త్రీ, అతనిని విడిచినయెడల వెంటనే దేశము విడువవలసినదే అనుకొనవలదు. గృహహింసకు లోనైనవారికి కొన్ని వీసాలలో ప్రత్యేకమైన దారి కలదు. అది తనకు వర్తించునో లేదో వకీలు చెప్పవలెను. అత్తగారు కాదు, మేమును కాము.

స్వదేశములో భూమి తగాదాయో, వివాహపు తగాదాయో గలవారు కూడ మనలో కలరు. భారతదేశములో 1987లో చేసిన న్యాయసేవాధికార సంస్థల చట్టము 1995 నవంబరు 9 నుండి అమలులో ఉన్నది. ఆ చట్టము ప్రకారము స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులముల వారికి, షెడ్యూల్డు తెగల వారికి, పరిశ్రమలలోని కార్మికులకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత వకీలు దొరకును. ప్రతి జిల్లా కోర్టు ఆవరణములోను వారి కార్యాలయముండును. ఆ దేశములోనుండి 15100 నంబరుకు ఫోను చేయవచ్చును. ఊరిలోనున్న మీ వృద్ధురాలైన తల్లికి ఈ నంబరు వ్రాసి పంపుడి.

ఇక ఎవరిని నమ్మకూడదో చెప్పవలెను. "నాకు లోపల మనిషి ఉన్నాడు, రొక్కము తెండి, వీసా పని నేను చూచెదను" అనువానికి దూరముగా ఉండుడి. వీసా విషయములో సలహా చెప్పి ఫీజు తీసికొనుటకు వకీలుగాని, ప్రభుత్వ పట్టికలో పేరు నమోదైన మైగ్రేషన్ ఏజెంటుగాని అయి ఉండవలెను. ఆ పట్టికను ఎవరైనను చూడవచ్చును. పేరు లేనియెడల తిరిగి రండి. కాగితములకు సాక్షి సంతకముచేయు జస్టిస్ ఆఫ్ ది పీస్ వారు ఆ పనికి సొమ్ము తీసికొనరాదు. అయితే వారు చట్టపు సలహా చెప్పువారు కారు. ఫీజు వకీలును పెట్టుకొనినయెడల, మొత్తము ఖర్చు 750 డాలర్లకు మించునట్లున్నప్పుడు ఎంత కానున్నదో వ్రాతమూలముగా తెలుపుట ఆ వకీలు విధి. అడుగుటకు జంకకుడి. "గెలిచిననే ఫీజు" అను ప్రకటన చూచినప్పుడు, ఓడినయెడల ఎదుటి పక్షమువారి ఖర్చు ఎవరు భరింపవలెనని అడిగి, జవాబు కాగితముమీద తీసికొనుడి.

మాకు ఎదురు చెప్పువారు కలరని ఎరుగుదుము. "కోర్టులో ఓడినవాడు అక్కడనే ఏడ్చును, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చును" అను సామెత మన తాతలదే. వ్యాజ్యములలో పొలములమ్ముకొన్న ఇండ్లను మేమును చూచితిమి. పెద్దలు కూర్చుండి సమాధానపరచుట మంచిదని ఇప్పటికిని నమ్ముచున్నాము. అయితే వకీలును అడుగుట వేరు, వ్యాజ్యమాడుట వేరు. వైద్యునికి నాడి చూపినంతమాత్రమున కాలు తీయించుకొన్నట్లు కాదు. చట్టములో మన బలమెంతో తెలిసిన తరువాత చేసికొను సమాధానమే సమాధానము. తెలియక చేసికొనునది లొంగుబాటు. పెద్దలు మాటలాడుచున్నారని గడువు ఆగదు. ఎదుటివాడు ఆ సంగతి ఎరిగియే "వచ్చే వారము" అనుచుండును. ఒక చేత దరఖాస్తు దాఖలుచేసి, రెండవ చేత సమాధానపు మాటలు నడుపవచ్చును. ఫెయిర్ వర్క్ కమిషన్‌లో కూడ విచారణకు ముందు ఇరుపక్షములను కూర్చుండబెట్టి రాజీకి ప్రయత్నింతురు. అక్కడ పెట్టు దరఖాస్తుకు రుసుము స్వల్పము; ఇబ్బందిలోనున్నవారు మాఫీ కోరవచ్చును.

కావున మా బడిలో ఒక క్రొత్త నియమము పెట్టుకొంటిమి. ఎవరైనను కాగితము పట్టుకొని వచ్చినప్పుడు, దానిని చదువకముందే అది అందిన తేదీని పైన వ్రాసెదము. "ఎంత అన్యాయము" అనకముందు "ఎన్ని దినములున్నవి" అని అడిగెదము. ఆ దినముననే వారిని కూర్చుండబెట్టి ఫోను చేయించెదము. ఫోనులో మాటలాడిన వారి పేరు, దినము, చెప్పిన మాట ఒక పుస్తకములో వ్రాసియిచ్చెదము. తోడు కావలసినవారితో రైలెక్కి పారమట్టాకు వచ్చెదము. చట్టమును గూర్చి మా అభిప్రాయము మాత్రము చెప్పము. మేము ఉపాధ్యాయులము, వకీళ్లము కాము. ఈ మాట ముందే ఎరిగియుండినయెడల ఆ సహోదరి నేడు తన పనిలో ఉండెడిదేమో.

మీ ఇండ్లలో ఒక సంచి కుట్టి గోడకు తగిలింపుడి. కూలి చీటీలు, అద్దె రశీదులు, ఒడంబడిక, వచ్చిన ప్రతి ఉత్తరము దాని కవరుతో సహా అందులో వేయుడి. మేస్త్రి ఫోనులో పంపిన మాటలను చెరిపివేయకుడి. చదువనిదే, దుబాసీ చెప్పనిదే, ఏ కాగితముమీదను సంతకము పెట్టవలదు. మన తాతలు చదువరాక వ్రేలిముద్ర వేసిరి. చదువు వచ్చిన మనము చదువక సంతకము చేసినయెడల వారికంటె మనము అధికులమెట్లు?

అడుగనిదే అమ్మయైనను అన్నము పెట్టదు. ఈ దేశపు చట్టము మన అమ్మ కాదు గనుక మరింత ముందుగా అడుగవలెను.

ఆ సహోదరి గడచిన ఆదివారము మా బడికి వచ్చి, తన పొరుగింటి పడుచును వెంటబెట్టుకొని వచ్చెను. ఆ పడుచును రెండు దినముల క్రిందట పనినుండి తీసివేసిరట. "పంతులుగారూ, ఈమెకు ఇంకను 19 దినములున్నవి" అని ఆమెయే మాకు చెప్పెను.